తొలి సూక్ష్మజీవులు, మీథేన్, ఆక్సిజన్ లేని భూమి: తరచుగా అడిగే ప్రశ్నలు

350 కోట్ల ఏళ్ళ నాటి గాలిని పట్టి సీసాలో దాచినవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఆ గాలి గురించి శాస్త్రవేత్తలు చాలా ధైర్యంగా మాట్లాడతారు. ఆ ధైర్యంలో కొంత రాళ్ళలో దొరికిన ఆధారాల నుంచి వచ్చింది, కొంత కంప్యూటర్ లెక్కల నుంచి వచ్చింది. పేపర్లలో వార్తలు చదివేటప్పుడు ఈ రెండూ కలగాపులగం అయిపోతాయి. కింది జవాబుల్లో ఏది ఏ రకమో వీలైనంత వరకు విడదీసి చెప్పాను.

ఇది ఏ కాలం సంగతి?

భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళు. అందులో 400 కోట్ల ఏళ్ళ క్రితం నుంచి 250 కోట్ల ఏళ్ళ క్రితం వరకు ఉన్న కాలాన్ని ఆర్కియన్ యుగం అంటారు. అప్పటికి చెట్టు లేదు, చేప లేదు, పురుగు కూడా లేదు. ఉన్నవన్నీ కంటికి కనపడని సూక్ష్మజీవులే. గాలిలో ఆక్సిజన్ ఇప్పుడున్నదాంట్లో లక్షో వంతు కూడా లేదు. పోల్చి చూడండి, డైనోసార్లు పుట్టి నేటికి ఇంకా పాతిక కోట్ల ఏళ్ళు నిండలేదు. ఆర్కియన్ ఒక్కటే 150 కోట్ల ఏళ్ళు సాగింది.

మీథేన్ తయారుచేసే జీవులు ఏవి? బ్యాక్టీరియాలేనా?

కావు. చూడటానికి బ్యాక్టీరియాలాగే ఉంటాయి కానీ వాటి వంశం వేరు. 1977లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ వీటి రైబోజోముల్లోని ఆర్‌ఎన్‌ఏను పరిశీలించి, ఇవి బ్యాక్టీరియా నుంచి చాలా దూరంగా ఉన్న వేరే గుంపు అని తేల్చారు. ఇప్పుడు ఆ గుంపును ఆర్కియా అంటున్నాం. అందులో మీథేన్ చేసేవాటికి మీథనోజెన్లు అని పేరు.

వాటి పని క్లుప్తంగా ఇది. నాలుగు హైడ్రోజన్ అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు తీసుకుని ఒక మీథేన్ అణువు, రెండు నీటి అణువులు చేస్తాయి. ఈ మార్పిడిలో వచ్చే కాస్త శక్తితోనే బతుకుతాయి. కొన్ని జాతులు ఎసిటిక్ ఆమ్లాన్ని విడగొట్టి కూడా మీథేన్ తీస్తాయి. దారి ఏదైనా చివరి మెట్టు మాత్రం ఒక్కటే. ఆ మెట్టు దగ్గర పనిచేసే ఎంజైము నడిబొడ్డున నికెల్ పరమాణువు ఉంటుంది. ఈ నికెల్ సంగతి గుర్తు పెట్టుకోండి, కింద మళ్ళీ వస్తుంది. ఇక ఆక్సిజన్ తగిలితే ఆ ఎంజైము పని ఆగిపోతుంది.

గోబర్ గ్యాస్ ప్లాంటులో ఉండేవి ఇవేనా?

అవును, ఇవే. పేడలోని పిండి పదార్థాలను, పీచును ముందు వేరే బ్యాక్టీరియాలు పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి. చివర్లో మీథనోజెన్లు వాటిని అందుకుంటాయి. గోబర్ గ్యాస్‌లో అటూ ఇటుగా 60 శాతం మీథేన్ ఉంటుంది. ప్లాంటును గాలి చొరబడకుండా మూసి ఉంచేది గ్యాస్ బయటికి పోకుండా ఆపడానికే కాదు, లోపలికి ఆక్సిజన్ రాకుండా చూడటానికి కూడా.

అయితే భూమి మీద మొట్టమొదటి జీవులు మీథనోజెన్లేనా?

అలా రాసినవి చాలా చోట్ల కనిపిస్తాయి. నేను ఒప్పుకోను. మీథేన్ చేయడానికి అరడజనుకు పైగా ఎంజైములు, ప్రత్యేకమైన సహాయక అణువులు వరసగా పనిచేయాలి. ఇంత సరంజామా మొదటి రోజే సిద్ధంగా ఉండదు.

ఇప్పుడున్న జీవులన్నిటికీ ఉమ్మడి పూర్వీకుడు ఎలా బతికి ఉంటుందో వాటి జన్యువులను పోల్చి ఊహిస్తారు. 2016లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో విలియం మార్టిన్ బృందం 355 ప్రోటీన్ కుటుంబాలను ఏరి, ఆ పూర్వీకుడు హైడ్రోజన్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకుని ఆక్సిజన్ లేకుండా బతికిందని చెప్పింది. అంటే మీథనోజెన్ల తిండే దాని తిండి. కానీ దాని నుంచి మీథేన్ వచ్చిందని చెప్పలేం, ఎసిటిక్ ఆమ్లం వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. మీథనోజెన్లు మొట్టమొదటివి కాకపోయినా బాగా తొలి తరాలకు చెందినవే.

తినడానికి హైడ్రోజన్ ఎక్కడి నుంచి వచ్చేది?

అగ్నిపర్వతాల నుంచి కొంత. మిగతాది రాళ్ళ నుంచి. సముద్రం అడుగున ఆలివిన్ అనే ఆకుపచ్చ ఖనిజం ఎక్కువగా ఉన్న రాయిలోకి వేడినీరు దిగితే, అందులోని ఇనుము నీటి నుంచి ఆక్సిజన్ లాక్కుని హైడ్రోజన్‌ను వదిలేస్తుంది. ఇది ఇప్పటికీ జరుగుతోంది. 2000 సంవత్సరంలో అట్లాంటిక్ మధ్యలో సముద్రం అడుగున లాస్ట్ సిటీ అనే చోట తెల్లటి సున్నపు గోపురాల నుంచి హైడ్రోజన్, మీథేన్ కలిసిన వేడి నీరు పైకి రావడం చూశారు. ఆర్కియన్ కాలంలో భూగర్భం ఇంకా వేడిగా ఉండేది. ఆలివిన్ ఎక్కువగా ఉండే కొమాటియైట్ అనే లావా విరివిగా పొంగేది. అందుకని హైడ్రోజన్‌కు అప్పుడు కరువు తక్కువ.

తర్వాత కిరణజన్య సంయోగక్రియ చేసే జీవులు వచ్చాక ఇంకో దారి తెరుచుకుంది. అవి చచ్చి అడుగున పేరుకుంటే, వాటి శరీరాలు పులిసి మీథనోజెన్లకు తిండి అయ్యేవి. మీథేన్ ఉత్పత్తి బాగా పెరిగింది ఈ దశలోనే అని నా అంచనా. రాళ్ళ హైడ్రోజన్ ఒక్కదాని మీద నడిచే లోకం చిన్నదిగానే ఉంటుంది.

350 కోట్ల ఏళ్ళ క్రితం మీథేన్ ఉందని చెప్పడానికి చేతిలో ఉన్న ఆధారం ఏమిటి?

పశ్చిమ ఆస్ట్రేలియాలో పిల్బరా అనే ఎర్రటి ఎండు ప్రాంతం ఉంది. అక్కడ డ్రెస్సర్ అనే శిలల వరస వయసు దాదాపు 348 కోట్ల ఏళ్ళు. ఆ శిలల కింద, ఒకప్పుడు వేడినీరు పైకి చిమ్మిన పగుళ్ళు సిలికాతో పూడిపోయి ఉన్నాయి. వాటిలోని క్వార్ట్జ్ స్ఫటికాలు పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న నీటినీ గ్యాసునూ అతి సన్నని బుడగలుగా తమలో బంధించేశాయి. మైక్రోస్కోపు కింద తప్ప కనపడనంత చిన్న బుడగలు అవి.

జపాన్‌కు చెందిన యుయిచిరో ఉయెనో బృందం ఆ స్ఫటికాలను శూన్యంలో పగలగొట్టి, వచ్చిన గ్యాసును కొలిచింది. ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. ఇందులో అసలు చిక్కు గ్యాసును కొలవడంలో లేదు. స్ఫటికంతో పాటే పుట్టిన బుడగ ఏది, కోట్ల ఏళ్ళ తర్వాత పగులు పడి మళ్ళీ అతుక్కున్నప్పుడు చొరబడ్డ బుడగ ఏది అని విడదీయడమే కష్టం. వాళ్ళు రెండు రకాలనూ వేరు చేసి చూశారు. మొదటి రకంలో మీథేన్ దొరికింది.

ఆ మీథేన్‌లోని కార్బన్ కూడా ఒక కథ చెప్పింది. కార్బన్‌లో బరువు 12 ఉన్నదీ, 13 ఉన్నదీ రెండూ ప్రకృతిలో ఉంటాయి. ఒకే మూలకంలో ఇలా బరువు తేడా ఉన్న రకాలను ఐసోటోపులు అంటారు. జీవుల ఎంజైములు తేలికైనదాన్నే ఎక్కువ వాడతాయి, కాబట్టి జీవులు చేసిన పదార్థంలో కార్బన్ 13కు లోటు పడుతుంది. మామూలు చెట్ల ఆకుల్లో ఈ లోటు ప్రామాణిక నమూనాతో పోలిస్తే వెయ్యికి 25, 28 పాళ్ళ దాకా ఉంటుంది. ఆ బుడగల మీథేన్‌లో అది 56 దాటింది. ఇంత లోటు రావడం మీథనోజెన్ల తీరే అని వాళ్ళ వాదన.

ఆ వాదన అందరూ ఒప్పుకున్నారా?

లేదు. అదే సంవత్సరం బార్బరా షెర్వుడ్ లోలర్, టామ్ మెకాలమ్ అభ్యంతరం చెప్పారు. వేడి రాళ్ళలో జీవంతో పని లేకుండా జరిగే రసాయన చర్యలు కూడా తేలిక కార్బన్ ఎక్కువగా ఉన్న పదార్థాలను ఇవ్వగలవని, ఒక్క ఐసోటోపు లెక్కతో జీవం అని తీర్పు ఇవ్వకూడదని వాళ్ళ మాట. నాకు ఇది న్యాయమైన అభ్యంతరంగానే కనిపిస్తుంది. కాకపోతే ఆధారం ఆ ఒక్కటే కాదు.

అదే డ్రెస్సర్ శిలల్లో నల్లటి బెరైట్ ఉంది. మన కడప సీమలో మంగంపేట గనుల్లో తవ్వే ముగ్గురాయి కూడా ఇదే ఖనిజం, అయితే దాని వయసూ పుట్టుకా పూర్తిగా వేరు. డ్రెస్సర్ బెరైట్‌ను పగలగొడితే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. బంధించి ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్ అది, దాదాపు 350 కోట్ల ఏళ్ళ తర్వాత బయటపడుతున్న వాసన. 2021లో జర్మనీ పరిశోధకులు ఆ బెరైట్ బుడగల్లో మీథేన్, ఎసిటిక్ ఆమ్లం, గంధకం ఉన్న మీథేన్‌థయాల్ లాంటివి ఉన్నట్టు ప్రకటించారు. అంటే తొలి జీవులకు తిండిగా పనికొచ్చేవీ, జీవులు వదిలే వ్యర్థాలూ ఒకే చోట దొరికాయి.

జన్యువుల వైపు నుంచి ఇంకో దారి ఉంది. మీథనోజెన్ల వంశం నుంచి కొన్ని జన్యువులు చాలా పాతకాలంలో సయనోబ్యాక్టీరియా (సూర్యకాంతితో ఆక్సిజన్ చేసే సూక్ష్మజీవులు) పూర్వీకులకు చేరాయి. సయనోబ్యాక్టీరియాకు శిలాజాలు ఉన్నాయి. వాటిని ఆధారం చేసుకుని జోఆనా వోల్ఫ్, గ్రెగరీ ఫోర్నియర్ 2018లో లెక్కకడితే మీథనోజెన్లు 351 కోట్ల ఏళ్ళకు ముందే ఉన్నాయని తేలింది. రాయి చెప్పినదీ జన్యువు చెప్పినదీ ఒకే కాలానికి వచ్చి కలవడం నన్ను ఒప్పించింది.

270 కోట్ల ఏళ్ళ నాటికి వచ్చేసరికి సందేహం ఇంకా తగ్గుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోనే ఆ వయసు శిలల్లోని సేంద్రియ కార్బన్‌లో లోటు వెయ్యికి 60 దాకా పోయింది. మీథేన్‌ను తిని బతికే జీవులు కూడా అప్పటికే వచ్చేశాయని జాన్ హేస్ 1994లో దీన్ని వివరించాడు. తినేవాళ్ళు ఉన్నారంటే వండేవాళ్ళు అంతకు ముందే ఉండాలి కదా.

సూర్యుడు అప్పుడు మసకగా ఉండేవాడట. మీథేన్‌కూ దానికీ ఏం సంబంధం?

సూర్యుడి మధ్యలో హైడ్రోజన్ హీలియంగా మారే కొద్దీ ఆ గర్భం చిక్కబడి, వేడెక్కి, వెలుగు పెరుగుతూ వస్తుంది. కాబట్టి 400 కోట్ల ఏళ్ళ క్రితం సూర్యుడు ఇప్పటికంటే 25 నుంచి 30 శాతం తక్కువ వెలుగుతో ఉండేవాడు. ఇప్పటి గాలే అప్పుడూ ఉండి ఉంటే సముద్రాలు గడ్డకట్టాలి. కానీ గ్రీన్‌లాండ్‌లోని ఇసువాలో దాదాపు 380 కోట్ల ఏళ్ళ నాటి లావా దిండ్ల ఆకారంలో ఉంది. లావా నీళ్ళలోకి పొంగితేనే ఆ ఆకారం వస్తుంది. అంటే ద్రవరూపంలో నీరు ఉంది.

ఈ చిక్కును 1972లో కార్ల్ సేగన్, జార్జ్ మలెన్ బయటపెట్టారు. గాలిలో అమ్మోనియా ఉండి భూమిని వెచ్చగా ఉంచి ఉంటుందని వాళ్ళే ఒక జవాబు కూడా ఇచ్చారు. అతినీలలోహిత కిరణాలు అమ్మోనియాను త్వరగా విరగ్గొట్టేస్తాయని తర్వాత లెక్కలు చెప్పాయి, ఆ జవాబు వెనక్కి పోయింది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉండేదన్నది తరువాతి జవాబు. దానికి తోడు మీథేన్ కూడా ఉండాలని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ కాస్టింగ్ బృందం ఏళ్ళ తరబడి వాదించింది. 2008లో అదే బృందం కొత్త లెక్కలు వేసి, మీథేన్ ఇచ్చే వేడి ముందు అనుకున్నంత లేదని చెప్పింది. కాబట్టి భూమిని వెచ్చగా ఉంచినది మీథేన్ ఒక్కటే అని ఎక్కడైనా చదివితే నమ్మకండి. పెద్ద వాటా కార్బన్ డయాక్సైడ్‌దే, మీథేన్ దానికి సాయం పట్టింది.

గాలిలో ఎంత మీథేన్ ఉండేది?

ఇప్పుడు సుమారు 1.9 పీపీఎమ్ ఉంది, అంటే గాలిలోని పది లక్షల అణువుల్లో రెండుకు కాస్త తక్కువ. ఆర్కియన్‌లో దీనికి వంద నుంచి పదివేల రెట్లు ఉండి ఉండవచ్చని అంచనా. ఇది లెక్కల్లోంచి వచ్చిన అంకె, అందుకే ఇంత వెడల్పుగా ఉంది.

జీవులు ఎక్కువగా ఉండటం వల్లే ఇంత మీథేన్ అని అనుకోనక్కర్లేదు. ఇప్పటి గాలిలో మీథేన్ పదేళ్ళకు అటూ ఇటూగా ఆక్సీకరణ చెంది పోతుంది. ఆక్సిజన్ లేని గాలిలో అది వేల ఏళ్ళు నిలుస్తుంది. ఉత్పత్తి మారకపోయినా నిల్వ పెరుగుతుందన్నమాట.

అంత మీథేన్ ఉంటే గాలి అంటుకోదా?

మండటానికి ఆక్సిజన్ కావాలి, అది లేదు. పిడుగు పడినా ఏమీ కాదు. వాసన కూడా ఉండదు, మీథేన్‌కు సొంత వాసన లేదు.

అప్పటి ఆకాశం నారింజ రంగులో ఉండేదా?

అప్పుడప్పుడు ఉండి ఉండవచ్చు. కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే మీథేన్ పదో వంతు దాటితే, సూర్యుడి అతినీలలోహిత కిరణాల వల్ల మీథేన్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి సేంద్రియ అణువులుగా, ఆపై సన్నటి రేణువులుగా మారతాయి. శనిగ్రహం చంద్రుడు టైటన్‌ను కప్పిన నారింజ మసక ఇదే. 2005 జనవరి 14న హైగెన్స్ నౌక ఆ మసకలోంచే దిగింది.

భూమి మీద అలాంటిది వచ్చి పోతూ ఉండేదనడానికి గుర్తులు దక్షిణాఫ్రికాలోని 265 నుంచి 250 కోట్ల ఏళ్ళ నాటి శిలల్లో, గంధకం ఐసోటోపుల హెచ్చుతగ్గుల్లో కనిపిస్తాయి. మసక మరీ చిక్కబడితే ఎండను అడ్డుకుని భూమిని చల్లబరుస్తుంది. మీథేన్ పెరిగే కొద్దీ వేడి పెరుగుతూ పోదు, ఒక హద్దు దాటాక కథ తిరగబడుతుంది.

తర్వాత మీథేన్ ఎందుకు తగ్గింది?

పాఠ్యపుస్తకాలు చెప్పేది ఆక్సిజన్ వచ్చి చంపేసిందని. అంతకు ముందే ఇంకోటి జరిగి ఉండవచ్చు, అదే నికెల్ కొరత. ఇనుప ఖనిజం పొరలు పొరలుగా ఉండే ఆర్కియన్ శిలల్లో అప్పటి సముద్రపు నీటి గుర్తులు ఉంటాయి. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో కర్ట్ కాన్‌హౌసర్ బృందం 2009లో వాటిలో నికెల్‌ను కొలిచి, 270 కోట్ల ఏళ్ళ క్రితం నుంచి 250 కోట్ల ఏళ్ళ నాటికి సముద్రంలో నికెల్ సగానికి పడిపోయిందని చెప్పింది. కారణం భూగర్భం చల్లారడం. నికెల్ ఎక్కువగా ఉండే కొమాటియైట్ లావా పొంగడం తగ్గింది. మీథనోజెన్ల ముఖ్య ఎంజైముకు నికెల్ లేకపోతే పని సాగదు.

ఆ తర్వాత సుమారు 240 కోట్ల ఏళ్ళ క్రితం గాలిలో ఆక్సిజన్ నిలబడింది. గాలిలో ఆక్సిజన్ లేనప్పుడే ఏర్పడే ఒక వింత గంధకం గుర్తు అప్పటిదాకా శిలల్లో ఉండి, అక్కడితో మాయమవుతుంది. దీన్ని 2000లో జేమ్స్ ఫార్కర్ బృందం చూపించింది. ఆక్సిజన్ వల్ల నేల మీది రాళ్ళ నుంచి సల్ఫేట్ కరిగి సముద్రంలోకి చేరింది. సల్ఫేట్‌తో బతికే బ్యాక్టీరియాలు హైడ్రోజన్ కోసం మీథనోజెన్లతో పోటీపడి గెలిచాయి.

మీథేనే ఆక్సిజన్‌కు దారి చేసిందంటారు. అదెలా?

ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చినది ఇదే, ఎక్కువమంది పట్టించుకోనిదీ ఇదే.

సయనోబ్యాక్టీరియా నీటిని విడగొట్టి ఆక్సిజన్ ఇస్తుంది, నిజమే. కానీ అదే లెక్కలో సేంద్రియ పదార్థం కూడా పుడుతుంది. అది కుళ్ళేటప్పుడు అంతే ఆక్సిజన్ ఖర్చయిపోతుంది. వచ్చింది వచ్చినట్టే పోతే గాలిలో మిగిలేది ఏమీ ఉండదు. మిగలాలంటే ఆక్సిజన్‌తో కలిసే సరుకు కొంత శాశ్వతంగా భూమిని వదిలిపోవాలి. హైడ్రోజన్ అలా పోగలదు. అది ఎంత తేలికంటే భూమి ఆకర్షణను దాటి అంతరిక్షంలోకి జారిపోతుంది.

నీటిలోనూ హైడ్రోజన్ ఉంది కదా, నీటి ఆవిరే పైకి పోవచ్చు కదా అని అడగవచ్చు. పోలేదు. పైకి వెళ్ళే కొద్దీ గాలి చల్లబడి, గిన్నె మూతకు తగిలిన ఆవిరి చుక్కలై కిందికి రాలినట్టు, నీరు గడ్డకట్టి వెనక్కి వచ్చేస్తుంది. మీథేన్‌కు ఆ అడ్డు లేదు. అంత చలిలోనూ అది గ్యాసుగానే ఉండి పై పొరలకు చేరుతుంది. అక్కడ సూర్యకాంతి దాన్ని విరగ్గొడితే హైడ్రోజన్ తప్పించుకుంటుంది. ఇలా కోట్ల ఏళ్ళు పోగా పోగా భూమి మొత్తం నెమ్మదిగా ఆక్సీకరణ వైపు జరిగింది. డేవిడ్ కాట్లింగ్, కెవిన్ జాన్లే, క్రిస్ మెకే 2001లో ఈ లెక్క వేశారు.

ఈ లెక్క నిజమైతే, మీథనోజెన్లు తమకు విషమైన ఆక్సిజన్‌కు తామే తలుపు తీశాయి.

మీథేన్ పోవడం వల్లే భూమి గడ్డకట్టిందా?

245 నుంచి 220 కోట్ల ఏళ్ళ మధ్య పెద్ద పెద్ద మంచు కాలాలు వచ్చాయి. కెనడాలో హ్యూరాన్ సరస్సు దగ్గర వాటి గుర్తులు బాగా కనిపిస్తాయి. ఆక్సిజన్ వచ్చి మీథేన్‌ను తినేయడంతో చలి పెరిగిందన్నది అందంగా అతికే కథ. మరీ అందంగా అతికింది కాబట్టే నాకు కాస్త అనుమానం. కొన్ని చోట్ల మంచు గుర్తులు ఆక్సిజన్ గుర్తుల కంటే ముందే ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో పొంగోలా అనే చోట 290 కోట్ల ఏళ్ళ నాటి మంచు గుర్తు కూడా ఉంది, దాన్ని ఆక్సిజన్ మీదకు నెట్టలేం.

మీథనోజెన్లు ఇప్పుడు ఎక్కడున్నాయి?

ఆక్సిజన్ చేరని ప్రతి మూలా. ఆవు కడుపులో, మన పేగుల్లో, చెరువు అడుగు బురదలో. ఒక జాతి 122 డిగ్రీల సెల్సియస్ వేడిలోనూ పెరిగినట్టు 2008లో జపాన్ పరిశోధకులు చూపించారు, ఇంతవరకు ఏ జీవికైనా అదే రికార్డు.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో నీళ్ళు నిలిచిన వరి మడిలోకి దిగితే కాలి కింద నల్లటి బురద తగులుతుంది. అక్కడ ఆక్సిజన్ ఉండదు. ఆ బురదలో పుట్టిన మీథేన్‌లో ఎక్కువ భాగం బుడగలుగా రాదు, వరి దుబ్బుల్లోని బోలు గొట్టాల గుండా పైకి పోతుంది. వేళ్ళకు గాలి అందడానికి మొక్క ఏర్పరచుకున్న గొట్టాలే అవి. మధ్యలో మడి ఆరబెడితే మీథేన్ తగ్గేది బురదలోకి ఆక్సిజన్ దిగడం వల్లే.

సముద్రం వైపు వెళితే, 2006లో జాయిడెస్ రిజల్యూషన్ నౌక మీద జరిగిన తవ్వకాల్లో కృష్ణా-గోదావరి బేసిన్ అడుగున మీథేన్ హైడ్రేట్ నిల్వలు బయటపడ్డాయి. మీథేన్‌ను బంధించిన మంచులాంటి పదార్థం అది. అందులోని మీథేన్ ఎక్కువగా సూక్ష్మజీవులు చేసిందే.

అంగారకుడి మీద మీథేన్ దొరికితే అక్కడ జీవం ఉన్నట్టేనా?

కాదు. రాయి, వేడినీరు కలిసి కూడా మీథేన్ ఇవ్వగలవు. టైటన్ మీద బోలెడు ఉంది, దాన్ని జీవుల ఖాతాలో ఎవరూ వేయలేదు. శ్రీహరికోట నుంచి 2013 నవంబర్ 5న వెళ్ళిన మంగళయాన్‌లో కూడా మీథేన్ కోసం ఒక పరికరం పెట్టారు. అంగారకుడి మీద తిరిగే నాసా బండి క్యూరియాసిటీ రోవర్ నేల దగ్గర చాలా కొద్దిగా మీథేన్ చూసింది, ఋతువుతో పాటు అది పెరిగి తగ్గుతోంది. యూరప్ కక్ష్యానౌక ట్రేస్ గ్యాస్ ఆర్బిటర్‌కు మాత్రం పైనుంచి ఏమీ కనపడలేదు. ఈ రెండూ ఎలా పొసుగుతాయన్నది ఇంకా తేలలేదు.

ఆ కాలపు రాళ్ళు మన దగ్గర చూడొచ్చా?

ఓబుళాపురం వైపు ఇనుప ఖనిజం ఉన్న కొండలు ఆర్కియన్ కాలం నాటివే. బళ్ళారి పక్కనున్న సండూరు శిలల వరసలో అవి భాగం. నికెల్ కొలిచింది ఈ కొండల్లో కాదు కానీ, కొలిచింది ఇలాంటి పొరల ఇనుప శిలల్లోనే.

కడప జిల్లా వేంపల్లె పేరు మీదున్న డోలమైట్ శిలల్లో స్ట్రొమాటోలైట్లు ఉన్నాయి. సూక్ష్మజీవుల జిగట పొరలు ఒకదానిపై ఒకటి పేరుకుని రాయిగా మారినవి అవి. కోసిన ముక్కలో వంపులు తిరిగిన సన్నటి పొరలు మామూలు కంటికే కనిపిస్తాయి. తుమ్మలపల్లె యురేనియం కూడా ఈ శిలల్లోదే. వీటి వయసు 188 కోట్ల ఏళ్ళకు పైనే. పైనున్న శిలల్లోకి చొచ్చుకొచ్చిన లావా పలకల వయసు కట్టి ఇది చెప్పారు. అయితే ఇవి ఏర్పడే నాటికి గాలిలో ఆక్సిజన్ వచ్చేసింది. మీథేన్ కాలం చూడాలనుకుని వేంపల్లె వెళితే కొన్ని పదుల కోట్ల ఏళ్ళు ఆలస్యంగా వెళ్ళినట్టే.